కూజా మచ్చ

నర్సుగా పనిచేసే మేనకోడలు డ్యూటీకి వెళ్తే, జెద్దా పాతబస్తీలో ఒక్కదాన్నే తిరుగుతున్నాను. కూల్చేసిన ఇళ్ల మధ్య బాగుచేసి నిలబెట్టిన పాత మేడ ఒకటి కనిపించింది. లోపలికి వెళ్లి, బోర్డు మీది హిజ్రీ సంవత్సరాన్ని మన లెక్కలోకి మార్చుకుంటూ పైకే గొణుక్కున్నాను. విక్టోరియా రాణి కాలం నాటిదని తేలింది.

"తెలుగులో లెక్కేస్తాండారే! యా ఊరమ్మా మీది?"

వెనక నుంచి పలకరించినామె పేరు ఓబులమ్మ, ఊరు రాయచోటి. ఈ ఇంట్లోనే ఏళ్ల తరబడి పనిచేసిందట. అరబ్బీలో అమ్మా అన్నట్టు 'మామా' అని తాను పిలిచే ముసలి యజమానురాలు పోయాక వేరే ఇంటికి మారింది. సెలవు దొరికి, ఇల్లు చూసుకుందామని వచ్చింది.

మేడ మీది చెక్క కిటికీ దగ్గరికి నన్ను తీసుకెళ్లి, కింది పలకను చేత్తో తడిమింది.

"ఈడ కూజా మచ్చ ఉండె. నీళ్లు సల్లబడాలని దినామూ నేనే పెడ్తాంటి. మరకనుకొని గీకేసినారు."

"ఇల్లు నిలిచింది కదమ్మా."

"నిలిచింది. నేనీడ ఉన్న్యానని ఆ మచ్చకే తెల్సు."

నా చల్లటి నీళ్ల సీసాను అక్కడ పెట్టి తీశాను. గుండ్రంగా తడి మిగిలింది.

ఓబులమ్మ వంగి చూసింది.

"ఇంత సిన్నది కాదమ్మా," అంది.