కండెలు చుట్టే చేతికి కంప్యూటరు

చిన్నకోడూరులో సిద్దిపేట బస్సు ఎక్కేటప్పటికే సంధ్య అలసిపోయి ఉంది. తెల్లవారకముందే లేచి, భర్త మగ్గానికి కావలసిన నూలు కండెలు కొన్ని చుట్టి, మిగతా నూలు అలాగే వదిలి, నుదుట మల్లన్న పసుపు బండారి పెట్టుకుని బయలుదేరింది. పెండ్లికి ముందే ఇంటర్ అయింది. డిగ్రీ ఉంటే ఊళ్లోని ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పే పని ఇస్తామన్నారు. దూరవిద్యలో చేరదామనుకుంటే, ఈ ఏడు నుంచి కంప్యూటరు పరీక్ష పాసైతేనే సీటు అన్నారు.

భర్త ఫోన్ మీదే నేర్చుకుంది. తెలుగు టైపు చేయడం కూడా వచ్చింది. పరీక్ష గదిలో కూర్చోగానే, అలవాటైన చేయి కదా, తెర మీద వేలు పెట్టి పైకి జరిపింది. ఏమీ కదలలేదు. ఇంకాస్త గట్టిగా ఒత్తింది.

"అక్కా, గట్ల ఒత్తితే పల్గుతది. గీ మౌస్ పట్టుకో," అంది పక్క కుర్చీలోని అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

మౌస్ జరుపుతూ పోతే బల్ల అంచు వచ్చేసింది. తెర మీది బాణం ఇంకా సగంలోనే ఉంది. ఎత్తితే ఏం చెడిపోతుందోనని సంధ్య ఒళ్లంతా పక్కకు వంచింది. పరీక్ష చూస్తున్న ప్రసూన మేడం వచ్చి ఆమె చేతి మీద చేయి వేసింది.

"ఎత్తి మళ్ల ఇవుతల పెట్టుకో అమ్మా. ఏం గాదు."

తరువాత తెలుగులో నాలుగు మాటలు టైపు చేయమన్నారు. కీబోర్డు మీద ఒక్క తెలుగు అక్షరమూ లేదు. వెతుక్కుంటుండగానే సమయం అయిపోయింది.

వరండాలో మేడం తన సీసాలోని నీళ్లు ఇచ్చింది.

"పాస్ గాలేదమ్మా. రేపు పాఠాలన్ని కంప్యూటర్లనే ఉంటయి, రాకుంటే నీకే తిప్పలని గీ పరీక్ష పెట్టిన్రు."

"నేర్చుకోనంటలేను మేడం. లోపటికి రానిచ్చి నేర్పొచ్చు గద."

మేడం సీసా తిరిగి తీసుకుంది.

"నేను గూడ గదే అన్న. ఎవ్వలు ఇనలే. వచ్చే నెల మళ్ల పరీక్ష ఉన్నది. శనివారం శనివారం రా. గీడ కంప్యూటర్లు ఖాళీగనే ఉంటయి, నేను చూపిస్త."

సంధ్య తలూపింది. శనివారం చేనేత సొసైటీకి చీరలు అప్పజెప్పే రోజు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

తిరుగు బస్సులో నిలబడే జాగా కూడా లేదు. ఎవరో ముసలామె అడక్కుండానే సంధ్య సంచిని తన ఒళ్లో పెట్టుకుంది.

ఇంట్లో అత్త ఐలవ్వ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆమెకు చూపు సరిగా ఆనదు.

"సీటొచ్చిందా బిడ్డా?"

"రాలే అత్తమ్మా. శనివారాలు వచ్చి నేర్చుకోమన్నరు."

"మరి పో. కండెలు నేను చుడ్త. నీ మొగని నోరు గూడ నేనే జూసుకుంట."

పక్కన గంప నిండా ఆమె చుట్టిన కండెలు. నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం, అంతా వదులు. రేపు అన్నీ విప్పి మళ్లీ చుట్టాలి. సంధ్య ఒక కండె తీసి చూసి, మెల్లగా మళ్లీ గంపలోనే పెట్టింది.

"మంచిగ చుట్టినవ్ అత్తమ్మా," అంది.

"మరి పోతవా శనివారం?"

"పోత."