పచ్చజెండా ఊపే మనిషి

వీధిలో అందరూ ఆయన్ని పళ్ల మేస్త్రి అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆ మాట విని, కిలో ఎంతని తలుపు తట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆయన చేసేది కట్టుడు పళ్లు. దంతవైద్యుల దగ్గర్నుంచి నోటి అచ్చులు వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్లు దిద్ది, పళ్లు పేర్చి పంపిస్తాడు. ఊళ్లో సగం నవ్వులు ఆయన చేతి మీదుగా వెళ్లినవే. వాటిలో ఒక్కటీ ఆయన్ని పలకరించింది లేదు. ఆయనకి నోళ్లు తెలుసు, మనుషులు తెలియరు.

పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, ఒకప్పుడు తీరిక లేదనేవాడు. ఇప్పుడు తీరిక తప్ప ఇంకేమీ లేదు, అడిగేవాళ్లూ లేరు.

ఇంట్లో నలుగురు కూర్చునే భోజనాల బల్ల ఒకటుంది. ఎందుకు కొన్నాడో నన్నడగొద్దు. తినేది మాత్రం మంచం మీద, కంచం ఒళ్లో పెట్టుకుని. ఆ ఖాళీ బల్ల మీద, ఆదివారానికి కొంత చొప్పున, ఒక రైల్వే గేటు లేచింది.

ఆయన పుట్టింది అలాంటి గేటు దగ్గరే. తండ్రి గేట్‌మన్. పట్టాల పక్కన ఒంటి గది, దాని ముందు రేకుల షెడ్డు, రైలు వెళ్లిపోయాక నిటారుగా లేచే గేటు కర్ర. తల్లి ఆయన పుట్టిన ఏడాదే పోయింది. ఆరో ఏడు నిండకముందే తండ్రీ పోయాడు. గది ఖాళీ చేయమన్నారు. అక్కని పిన్ని తీసుకెళ్లింది, ఈయన్ని మేనమామ తీసుకెళ్లాడు. సామానుతో పాటు పిల్లల్నీ పంచేసుకున్నారు. తండ్రి ఫొటో మాత్రం ఎవరి వాటాలోనూ లేదు, అసలు తీయించుకుంటే కదా.

బల్ల మీది నేల ప్లాస్టర్‌తో పోసిందే. గడ్డి పాత టూత్‌బ్రష్‌ల కుచ్చులు. కంచె మీది పూలకి చిగుళ్లలో కలిపే గులాబి పొడి చల్లాడు. పళ్లకి క్లిప్పులు కట్టే తీగ స్తంభాల మధ్య టెలిగ్రాఫ్ తీగ అయి కూర్చుంది. షెడ్డు కప్పు మీద గాలి పోయిన సైకిల్ టైరు, దాని పక్కన ఆవగింజంత ఎర్ర బంతి. ఎవరు చూడొచ్చారని ఇంత ముచ్చట అంటే, ఎవరూ రాలేదు. కానీ ఉన్నది ఉన్నట్టు రాకపోతే ఆయనకి ఒళ్లు మండుతుంది.

బొమ్మరైలు కూడా కొన్నాడు. ఒక ఇంజను, రెండు పెట్టెలు. అది ఒక్కసారీ కదల్లేదు. నాన్న పచ్చజెండా ఊపకుండా ఆ గేటు దాటిన రైలు లేదు కనుక, నాన్న వచ్చి నిలబడేదాకా ఈ రైలూ ఆగాల్సిందే. అలా ఒట్టు పెట్టుకున్నాడు, మొండిఘటం. తీరా నాన్నే కుదిరి చావడం లేదు.

నాన్న బాగా పొడుగని ఆయనకి గట్టి గుర్తు. గదిలోకి వచ్చిన ప్రతిసారీ ద్వారబంధం దగ్గర నడుం వంచి, తల దించుకుని వచ్చేవాడు. ఆ లెక్కన మైనంతో చెక్కితే, ఇంజనుకి పైనుంచి జెండా ఊపే రాక్షసుడు తయారవుతున్నాడు. కుదిస్తే, తలుపులోంచి దర్జాగా నడిచిపోయే పరాయి మనిషి అవుతున్నాడు. చెక్కడం, కరిగించడం, మళ్లీ చెక్కడం. వెంట్రుకవాసి తేడా రాకుండా ఎవరెవరి నోళ్లకో పళ్లు అమర్చిన చేతికి కన్నతండ్రి అందలేదు. అసలు ఆ పొడుగులో రవ్వంతైనా తనకి రాలేదన్నది ఆయనకి ఎప్పటినుంచో ఉన్న వెలితి. మనిషి పొట్టి.

ఒక ఆదివారం పొద్దున అక్క బస్సు దిగింది. తమ్ముడి మీద బెంగతో కాదు, ముందే అచ్చు పంపి చేయించుకున్న కట్టుడు పళ్ల కోసం. పెళ్లిళ్లకీ చావులకీ తప్ప కలవని అక్కాతమ్ముళ్లు వాళ్లు. ఆయన సెట్టు అమర్చి అద్దం ఇస్తే, ఇటూ అటూ చూసుకుని, ఇంత అందం వస్తుందని తెలిస్తే ఇంకాస్త ముందే ఊడగొట్టుకునేదాన్నంది. తర్వాత బల్ల మీదున్నది ఆమె కంటపడింది.

చాలాసేపు బల్ల చుట్టూ తిరిగింది. తన పొయ్యి ఎక్కడుండేదో, నీళ్ల బిందె ఎక్కడ పెట్టేదో వేలితో చూపించింది. షెడ్డు దగ్గరకొచ్చి వేలు ఆపేసింది.

"ఇది నా బంతి కదరా?"

"నీదే అక్కా."

"దీనికోసం నెల్లాళ్లు ఏడ్చాను. కప్పు మీదుందని నీకెలా తెలుసు?"

"కనిపించేది."

"నాకే కనిపించలేదు, నీకెలా కనిపిస్తుంది? అప్పుడు నువ్వు నా నడుం దాకా కూడా లేవు."

బంతి కనిపించడం మాత్రం నిజం. దాని మీద పడిన ఎండ కూడా గుర్తుంది. అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చోవడం అదే మొదలు. మాట మార్చడానికన్నట్టు ఆయన, నాన్న కుదరడం లేదని, అంత పొడుగు మనిషి ఆ తలుపులో ఎలా పట్టేవాడో అర్థం కావడం లేదని చెప్పాడు.

అక్క వింతగా చూసింది.

"నాన్న పొడుగేంట్రా? సరిగ్గా నీ అంతే. నిన్ను కింద వదిలితే పట్టాల మీదికి పోతావని, డ్యూటీలో ఉన్నంతసేపూ భుజాల మీదే ఎక్కించుకునేవాడు. కప్పు మీది బంతి అందుకే కనిపించింది నీకు. తలుపు దగ్గర వంగేది నీ తల తగలకుండా."

ఆయన ఎదురు కుర్చీలో కూలబడి ఏడ్చాడు. అక్క ఊరుకోమనలేదు.

ఆ మధ్యాహ్నం మైనం ఒక్కసారికే మాట వింది. తన ఎత్తుకి కొలత కట్టి ఒక పొట్టి మనిషిని చెక్కాడు, భుజాల మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టాడు. తలుపు దగ్గర పెట్టి చూస్తే నాన్న తల హాయిగా పట్టేస్తోంది. ద్వారబంధం సరిగ్గా పిల్లాడి నుదుటికి తగులుతోంది. గేటు పక్కన నిలబెట్టి, చేతికి గోరంత పచ్చ కాగితం అంటించి, స్విచ్ వేశాడు. ఇన్నాళ్లు నిలబడిపోయిన రైలు కాస్త మొరాయించి కదిలింది. ఒకప్పుడు ఆ గది కిటికీలోంచి ఊపినట్టే అక్క చెయ్యి ఊపింది. పెట్టెల్లో ఎవరూ లేరు.

సాయంత్రం ఆమెని బస్సెక్కించాడు. మళ్లీ వస్తానంది. పళ్లు బాగా కుదిరాయి కాబట్టి ఇప్పట్లో రాదని ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చి తాళం తీశాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, నడుం వంచి, తల దించాడు. ద్వారబంధం ఆయన తలకి జానెడు పైనుంది. భుజాల మీద ఎవరూ లేరు. అయినా వంగే లోపలికి వెళ్లాడు.