అతుకు తెగిన సైకిలు

మొన్న కంటి డాక్టరుకు చూపించుకుని వస్తుంటే, ఖమ్మంలో ఒక వెల్డింగు షాపు ముందు పాత లేడీస్ సైకిలు కనిపించింది. హ్యాండిలు కింది గొట్టానికి కొత్తగా వేసిన అతుకు ఇంకా నల్లగా ఉంది. కాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను. అప్పట్లో నాలాగా ఏజెన్సీ ఊళ్ళలో నర్సులుగా తిరిగినవాళ్ళకు ఆ అతుకు ఎంత నమ్మరానిదో తెలుసు.

ఎనభైల్లో నా ఉద్యోగం భద్రాచలం అడవిలో. చేరేటప్పుడు నాన్న తల్లాడ నుంచి బస్సు టాపు మీద వేసుకొచ్చి ఇచ్చిన సైకిలుకు మందుల సంచి కట్టుకుని, వేళ్ళూ రాళ్ళూ తేలిన బాటల్లో రోజూ గూడేలు తిరిగేదాన్ని. ఒక వానకాలం బురద తుడుస్తుంటే గొట్టం మీద వెంట్రుకంత గీత కనిపించింది. గీరుకుందేమో అనుకున్నాను గాని, హ్యాండిలు నొక్కితే ఆ గీత విచ్చుకుంది. మా ఆయన వెల్డింగు పెట్టించుకొచ్చారు. "కొన్నాళ్ళు ఆగుతది గాని నమ్మలేం, ఫ్రేమే మార్చాలె" అన్నాడట అతికినాయన. కొత్త ఫ్రేము ఖమ్మం నుంచి రావాలి, గోదారి పొంగి బస్సులేమో ఆగిపోయాయి. అందాకా సెలవు పెట్టమని మా ఆయన పోరు. వాగవతల గూడెంలో ఒక తొలిచూలు పిల్లకు నెలలు నిండి ఉంటే ఎట్లా పెట్టను?

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల భర్త రొప్పుతూ వచ్చాడు. "సిస్టరమ్మా, బిడ్డ కాళ్ళు ముందుగాల వస్తున్నయంటున్నది మా అమ్మ. జల్దీ రావాలె."

నేను సైకిలు మీద, అతను పక్కన పరుగు. వాగు దిగుడులో టప్పున అతుకు తెగింది. నేను రాళ్ళ మీద పడ్డాను. మోకాలు వంగలేదు. సైకిలు అక్కడే వదిలేసి, సంచి అతని భుజానికి తగిలించి, అతన్ని పట్టుకుని వాగు దాటి కుంటుకుంటూ నడిచాను.

వెళ్ళేసరికి కాన్పు అయిపోయింది, ఏడుపు మాత్రం లేదు. ఆడపిల్ల. నోరు తుడిచాను, వీపు రుద్దాను, నోట్లో ఊపిరి ఊదాను. కదలలేదు. తల్లికి రక్తం ఆగేదాకా అక్కడే ఉన్నాను. ఆమె అత్తగారు ఏడుస్తూనే వేణ్ణీళ్ళు తెచ్చి నా మోకాలు కడిగింది. "నీకు గూడ దెబ్బ తాకింది గద బిడ్డా" అంది.

మర్నాడు ఆ తండ్రే విరిగిన సైకిలును భుజాన మోసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. "వాగొస్తే కొట్టుకపోతదని తెచ్చిన సిస్టరమ్మా. నీకు పనికొస్తది గద." మా ఆయన ఇచ్చిన చాయ్ తాగి, మెల్లగా వెళ్ళిపోయాడు.

కొత్త ఫ్రేము వచ్చింది, ఇంకెన్నో ఏళ్ళు తొక్కాను. అయినా దిగుడు వస్తే దిగి నడిచేదాన్ని. ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉందట, బండి గడప దాకా పోతుందట, నెలలు నిండకముందే ఆడపిల్లల్ని దవాఖానాకు తీసుకుపోతున్నారట. విన్నప్పుడల్లా సంతోషమే. ఆ వెంటనే, ఆ రోజు పుట్టిన పిల్ల బతికుంటే ఈపాటికి తనూ అదే బండెక్కి పురుటికి వెళ్ళి, బిడ్డనెత్తుకుని ఇంటికి వచ్చి ఉండేది కదా అనిపిస్తుంది.