మస్తాన్ తీసిన పెళ్లి ఫోటోలు

ఆ పెళ్లి ఫోటోలు పాడుచేసింది నేనే. ఆ రోజు ఆ మాట నా నోట రాలేదు.

2006 ప్రాంతంలో అనంతపురంలో నాకు చిన్న స్టూడియో ఉండేది. ఫోటోలు తీసేది మస్తాన్. కొత్త డిజిటల్ కెమెరాలోని 'రా' ఫైళ్లను, అంటే ముడి ఫైళ్లను, మామూలు ఫోటోలుగా మార్చడానికి, కెమెరాతో వచ్చిన సాఫ్ట్‌వేరే వాడదామన్నాడు.

"నిదానమే గానీ రంగులు చెడవన్నా."

నేను వినలేదు. వేగంగా పనిచేస్తుందని ఇంకొకటి ఎంచుకున్నాను. ఫోటోలన్నీ ఒకేసారి మార్చి, కంప్యూటర్లో చోటు చాలక అసలు ఫైళ్లు చెరిపేశాను. తీరా ప్రింట్లు చూస్తే అందరి ముఖాలూ పచ్చగా పాలిపోయి ఉన్నాయి. మళ్లీ మార్చే దారి లేదు.

"పెండ్లినాడే నా కూతురికి కామెర్లు వచ్చినాయేమప్పా?" అని పెళ్లికూతురి నాయన పదిమందిలో నిలదీశాడు.

"వీడు సరిగా తీయలేదు" అని మస్తాన్‌ను చూపించాను.

మస్తాన్ కెమెరా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా అలవాటు కొద్దీ రెండు టీలు చెప్పేవాణ్ణి. ఒకటి అలాగే చల్లారిపోయేది.

అలా మూడేళ్లు గడిచాక మస్తాన్ సొంతూరు తనకల్లు వెళ్లాను. ఇంటి ముందు మస్తాన్‌తో పాటు నలుగురు కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. వాళ్లందరూ వినేటట్టే అన్నాను.

"ఫోటోలు నువ్వు బాగనే తీసినావు మస్తానూ. చెడగొట్టింది నేను. నీ మీదికి తోసినా. మన్నించప్పా."