దౌల్తాబాద్ బోరులో విరిగిన బిట్టు

విపరీతమైన వేడిలో, దెబ్బల్లో లోహం ఎలా వంగుతుందో, ఎక్కడ పగులుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టడం హైదరాబాద్‌లో నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో మా వాళ్ళెవరూ దాన్ని పట్టించుకోలేదు. మొన్న సిద్దిపేట నుంచి మా మల్లేశ్ బావ ఫోన్ చేశాడు. ఆయనకు బోరుబండి ఉంది. దౌల్తాబాద్ దగ్గర లచ్చవ్వ అనే రైతు పొలంలో బోరు వేస్తుంటే, బండను కొట్టే బిట్టు పగిలి ముక్క లోపలే ఉండిపోయిందట. ఆ బోరు ఇక పోయినట్టే. పక్కనే ఇంకొకటి వేస్తున్నాడు, అదీ పోతే లచ్చవ్వ వరి ఎండిపోతుంది. "నీ కంప్యూటర్ల జూసి చెప్పు, గీ రెండో బిట్టు ఆగుతదా ఆగదా" అన్నాడు. ఎన్నడూ లేనిది నా చదువుతో పనిపడింది కదా అని ఎగిరి గంతేసినంత పని చేశాను.

మర్నాడు పొద్దున్నే జూబ్లీ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్ ఇస్తారు. రెండున్నర గంటల్లో సిద్దిపేటలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. నేనెక్కడి నుంచి వస్తున్నానో తెలిశాక డ్రైవర్ నవ్వాపుకోలేకపోయాడు. "గజ్వేల్‌ల దిగితె అయిపోవు గదక్కా. ముంగటికొచ్చి మల్ల ఎనక్కి పోతున్నవ్."

పొలంలో విరిగిన బిట్టులో పైకొచ్చిన భాగం చేతికిచ్చారు. చూడగానే నా బుర్ర తిరిగింది. నా మోడల్ ప్రకారం పగులు అంచు నుంచి మొదలవ్వాలి. దీని మొహం నిండా ఎండిన చెరువు మట్టిలా సన్నటి నెర్రెలున్నాయి. లాప్‌టాప్‌లో వేడి పెంచి చూశాను, దెబ్బ పెంచి చూశాను. లోహం మెత్తబడుతోందే తప్ప నెర్రెలు రావడం లేదు. నిన్న ఏం జరిగిందని బావను అడిగాను. అన్నానికి ఆపి బిట్టు పైకి తీసినప్పుడు లచ్చవ్వ సాక పోసిందట. అంటే అమ్మవారికని చెంబుడు నీళ్ళు బిట్టు మీద పోయడం. మళ్ళీ దించాకే అది విరిగిందట. కాలుతున్న లోహం మీద చన్నీళ్ళు పడితే నెర్రెలిస్తుంది, దొరికిందనుకున్నాను. కానీ బావ వేసే ప్రతి బోరుకూ ఎవరో ఒకరు అలాగే పోస్తారట, ఏ బిట్టూ విరగలేదట. మళ్ళీ మొదటికొచ్చాను.

మా మాటలు లచ్చవ్వ వింటూనే ఉంది. మధ్యాహ్నం రెండో బిట్టు పైకొచ్చింది. ఆమె చెంబు పట్టుకుని నా వైపు చూసింది. పోయమనాలా, వద్దనాలా? కాసేపు చల్లారాక పోద్దామన్నాను. బండి ఆపేసి అందరం లారీ నీడన కూర్చున్నాం. చల్లారాక సాక పోసి మళ్ళీ దించారు. సాయంత్రానికి రెండించుల నీళ్ళు పడ్డాయి, బిట్టు చెక్కుచెదరలేదు. మేం ఆగినందుకా, కింద బండ మెత్తగా ఉన్నందుకా? నాకు అర్థం కాలేదు.

నేను బయల్దేరుతుంటే లచ్చవ్వ ఆటో దాకా వచ్చింది. "నిజం చెప్పు బిడ్డా, నిన్న నా సాకతోనే ఇరిగిందా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గంత సదివినదానివి, నీకే తెల్వదంటివి. గది సాలు. నా పొలం నేనే ఎండవెట్టుకున్ననని రాత్రంత నిద్రపోలె."

తిరుగు బస్సులో మోడల్ మళ్ళీ తెరిచాను. చెంబుడు నీళ్ళను అందులో ఎక్కడ కలపాలో ఇప్పటికీ తేలలేదు. ఆఫీసులో తెలియదని ఒప్పుకోవాలంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. ఆ రాత్రి లచ్చవ్వ ఆ మాట మీదే నిద్రపోయి ఉంటుంది. దౌల్తాబాద్ వెళ్ళేవాళ్ళు మాత్రం నాలా సిద్దిపేట దాకా పోకండి, గజ్వేల్‌లోనే దిగండి. ఇదొక్కటి నాకు కచ్చితంగా తెలుసు.