సున్నం కొట్టిన రాళ్లు

పోలీస్ యాక్షన్ ముగిసిందని రేడియో చెప్పాక కూడా సికింద్రాబాద్‌లో మా వీధికి ఆ సంగతి తెలియలేదు. గడబిడ రోజుల్లో దుకాణాల ముందు పేర్చిన ఇసుక బస్తాలు ఫుట్‌పాత్ మీద అలాగే ఉండిపోయాయి. తీద్దామంటే అవి ఎవరివో తేలలేదు. మున్సిపాలిటీ వాళ్లను అడిగితే మిలటరీవి అన్నారు. మిలటరీ వాళ్లు పాత సర్కారువి అన్నారు. పాత సర్కారును అడుగుదామంటే అది లేదు. ప్రభుత్వాన్ని మార్చడం కొద్ది రోజుల్లో అయిపోయింది గాని, బస్తాను జరపడం ఎవరివల్లా కాలేదు.

దాంతో జనం రోడ్డు మీదే నడిచేవారు. రోడ్డు మీద అప్పటికే జట్కాలు, ఎడ్లబండ్లు, సైకిళ్లు ఉన్నాయి. వాటికి తోడు బోయిన్‌పల్లి వైపు పోయే మిలటరీ లారీలు పొద్దున్నుంచీ దుమ్ము లేపుకుంటూ వచ్చేవి. గెలిచిన వాళ్ల లారీలు కనక వాటికి బ్రేకుల అవసరం ఉన్నట్టు కనిపించేది కాదు.

నాకు పని లేదు. కాలేజీ మూతపడింది, ఎప్పుడు తెరుస్తారో తెలియదు. అందుకని ఇంట్లోవాళ్లే నాకో ఉద్యోగం ఇచ్చారు: అక్కను బడికి దింపడం, మళ్లీ తీసుకురావడం. అక్క మిషన్ బడిలో చిన్న తరగతుల టీచరు. చిన్నప్పటి జ్వరానికి ఆమె ఎడమ కాలు సన్నబడింది. చేతికర్ర ఆనించి మెల్లగా నడుస్తుంది. జట్కా ఎక్కడానికి ఆ కాలు ఒప్పుకోదు. రోజూ రిక్షా అంటే ఆ జీతమేదో నేరుగా రిక్షావాడికే ఇమ్మని బడివాళ్లకు చెప్పుకోవాలి. అందుకని నడకే. లారీల వైపు నేను, బస్తాల వైపు ఆమె. ఆదివారమైనా సెలవు దొరుకుతుందనుకున్నాను గాని, చర్చి కూడా ఆ దారిలోనే ఉంది.

రోజూ అదే దుమ్ము, అదే హారన్, అదే పక్కకు తప్పుకోవడం. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఇద్దరికీ ఉండేది కాదు. నేను మొదలుపెట్టిన జోకు సగంలో ఆగిపోయినా, మిగతా సగం ఏమిటని అక్క అడిగేది కాదు.

డిసెంబరులో ఒక సాయంత్రం వెనక నుంచి వచ్చిన సైకిలువాడు లారీని తప్పించబోయి అక్కను గుద్దాడు. ఆమె బస్తాల మీద పడింది. దెబ్బ తగల్లేదు. పేర్చిన ఇన్ని నెలలకు ఆ బస్తాలు ఒకరిని కాపాడాయి. చేతిలోని కర్ర మాత్రం ఎగిరి లారీ చక్రం కింద పడి రెండు ముక్కలైంది.

ఇంట్లో ఆ ముక్కలు చూసి నాన్న అరవలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, క్రిస్మస్ సెలవుల తర్వాత ఇక బడికి పోనక్కర్లేదని చెప్పారు. ఈసారికి కర్రతో పోయింది, చాలన్నారు. అమ్మ ఏడవబోయింది గాని, పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి వెళ్లింది. అక్క కూర్చున్నచోటే కూర్చుండిపోయింది. ఆ బడి తప్ప ఇంటి బయట ఆమెకు మరో చోటు లేదని మాకందరికీ తెలుసు. అందుకే ఆ మాట ఎవరూ అనలేదు.

క్రిస్మస్‌కు ముందు మా వాళ్లంతా ఇళ్లకు సున్నం కొడతారు. గోడలు అయ్యాక మిగిలితే పూలకుండీల అంచులకు, ఇంకా మిగిలితే జామచెట్టు మొదలుకు. ఆ ఏడు జామచెట్టు కూడా అయ్యాక ఒక డబ్బాడు మిగిలింది. అక్క నన్ను పిలిచి, వీధి మొదట్లో కూలిన ప్రహరీ రాళ్లు తోపుడు బండి మీద తెమ్మంది.

"ఏం కడతవక్కా, కోటనా?" అన్నాను.

"నోరు మూసుకొని తే. పెద్దవొద్దు, నువ్వు మోసేటివే."

పెరట్లో కూర్చుని ఒక్కో రాయికీ సున్నం పూసింది. మర్నాడు దుకాణాలు తెరవకముందే, బస్తాలకు ఒక మనిషి నడిచేంత ఎడం వదిలి, రోడ్డు మీద వాటిని వరసగా పెట్టించింది. కొత్త కర్రతో ఆమె చూపించడం, నేను వంగడం. ఇంత చిన్న రాయి లారీని ఆపుతుందా అని అడిగాను. ఆపదంది. మరెందుకంటే, పొద్దెక్కనీ అంది.

మేం కంటోన్మెంట్ పక్కన పుట్టి పెరిగినవాళ్లం. కదలని ప్రతిదానికీ మిలటరీ వాళ్లు సున్నం కొట్టడం తెల్లదొరల కాలం నుంచీ చూస్తున్నాం. రాయి, చెట్టు, స్తంభం, ఏదీ వదలరు. సున్నం ఉందంటే అది సర్కారుది, ముట్టకూడదు, దాటకూడదు. మా ఊరి పిల్లలకు ఇది అక్షరాలకన్నా ముందే వచ్చేస్తుంది.

పొద్దెక్కింది. మొదట వచ్చిన జట్కావాడు రాళ్లను చూసి గుర్రాన్ని పక్కకు లాగాడు. వెనక ఎడ్లబండీ అంతే. ఆ వెనక లారీ. దాని డ్రైవరు మిలటరీవాడే కనక ఇంకా దూరం జరిగాడు. మధ్యాహ్నానికి కూరగాయల గంపలవాళ్లు, బురఖాల వాళ్లు, చంటిపిల్లల తల్లులు, అందరూ ఆ సందులోంచే పోతున్నారు, అదేదో ఎప్పటినుంచో ఉన్న దారిలాగా. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. అడగడం ఆరోగ్యానికి మంచిది కాదని ఆ ఏడాది అందరూ నేర్చుకున్నారు.

సాయంత్రం అక్క ఒక వంకర రాయిని కర్రతో జరపబోతే కిరాణా దుకాణం సేటు పరుగున బయటికి వచ్చాడు.

"టీచరమ్మా, గది మిల్ట్రీ రాయి. జెర దూరంగుండు. నీకు తక్లీఫ్, నాకు సుత తక్లీఫ్."

అక్క వినయంగా కర్ర వెనక్కి తీసుకుంది.

నాన్న మాత్రం మెత్తబడలేదు. ఈ దొంగ రాళ్లను మిలటరీవాళ్లు చూసిన రోజున తీసిపారేస్తారని, పనిలో పనిగా మనల్నీ తీసుకుపోతారని అన్నారు. సెలవుల తర్వాత బడి లేదన్న మాట అలాగే ఉండిపోయింది.

అన్నట్టే వచ్చారు. పండగ ముందటి ఆదివారం నాన్న, అక్క, నేను చర్చి నుంచి వస్తుంటే రాళ్ల పక్కన జీపు ఆగి ఉంది. వీధి వీధంతా దుకాణాల్లోకి జరిగింది. హవల్దార్ ఒకడు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచి, ఇది ఎవరి ఆర్డరని హిందీలో అడిగాడు. బియ్యం బస్తాల వెనక నుంచి సేటు, మీదే కదా సాబ్ అన్నాడు. హవల్దార్ మా వైపు తిరిగాడు. నేనేదో అనబోయాను.

"మేరా హై," అంది అక్క.

తర్వాత చిన్న తరగతులకు పాఠం చెప్పే గొంతుతోనే, తాను బడికి నడవాలని, లారీలు నడవనివ్వడం లేదని చెప్పింది. హవల్దార్ ఆమె కర్ర చూశాడు, కాలు చూశాడు. అతనూ పొద్దున్నుంచీ తిరుగుతున్నట్టున్నాడు, బూట్ల మీద వేలెడు దుమ్ము. మేం జైలు గురించి ఆలోచిస్తుంటే, చివరి రాయి లైన్లో లేదన్నాడు. సున్నం ఇంకా చిక్కగా కలపాలన్నాడు. జీపెక్కి పోయాడు.

ఆ రాయిని సరిచేసింది నాన్నే. చర్చి కోటుతోనే వంగి, ఒక కన్ను మూసి లైను చూసి మరీ సరిచేశారు. లేచి మోకాళ్లు దులుపుకుంటూ, వానలకు ఇది నిలవదు, జూన్‌లో మళ్లీ కొట్టుకోవాలి అన్నారు. జూన్‌కు కూడా అక్క బడిలోనే ఉంటుందని దాని అర్థం. మా ఇంట్లో ఇంతకన్నా పెద్ద ప్రకటన ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదు.

బడి తెరిచిన రోజు పొద్దున అలవాటు కొద్దీ నేనూ బయల్దేరాను. రాళ్ల దగ్గరికి రాగానే అక్క ఆగింది.

"ఇద్దరం పట్టంరా. ఇంటికి పో."

ఆమె ఒక్కతే లోపలికి అడుగుపెట్టి, కర్ర ఆనించుకుంటూ నడవసాగింది. ఇటుపక్క లారీలు పోతూనే ఉన్నాయి, ఆమె వాటివైపు చూడలేదు. వెనక గంప నెత్తిన పెట్టుకున్న ఒకామె, ఏందమ్మా గింత నిమ్మళం అని విసుక్కుంటోంది. అక్క దారి ఇవ్వలేదు.