అత్తమ్మ బాల్కనీ సేద్యం

బాన్సువాడలో మేము కిరాయికి ఉంటున్న పై పోర్షన్‌కు ఒక బాల్కనీ ఉంది. బాల్కనీ అనగానే ఏదేదో ఊహించుకోకండి. రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి గుమ్మంలో నిలబడాల్సిందే. ఆ కాస్త జాగాలోనే నేను తోట పెట్టాను. గోడలకు రంగులేసి పారేసిన డబ్బాల్లో మిరప, టమాటా. సగానికి కోసిన వాటర్ క్యాన్‌లో పుదీనా. పెద్ద కుండీలో కరివేపాకు. గ్రిల్‌కు వరసగా కట్టిన నూనె డబ్బాల్లో గడ్డిగులాబీలు. పైన స్లాబుకు ఉన్న ఇనుప కొక్కాలకు వేలాడే మనీప్లాంట్లు. ఏ డబ్బా చేతికి దొరికినా ముందు మేకు కాల్చి దాని అడుగున బొక్కలు పెట్టడం నాకు అలవాటు. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది కదా మరి.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మిషన్ బాల్కనీ గుమ్మం పక్కనే వేసుకున్నాను. పెడల్ తొక్కుతూ తల తిప్పితే పచ్చగా కనిపించాలి, లేకపోతే నాకు కుట్టు వంకర పోతుంది. మా ఆయన ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్. ఇంటికొచ్చి చెప్పులు విప్పడానికి చోటు వెతుక్కుంటూ, "నీకు పెండ్లి నాతోని గాదే, డబ్బాలతోని అయింది" అంటాడు. అననీ. పచ్చడిలోకి పుదీనా కావాలంటే మాత్రం ముందు ఆయన చెయ్యే బాల్కనీలోకి పోతుంది.

అలా హాయిగా ఉన్న బాల్కనీకి ఒక ఎండాకాలం చివర మా అత్తమ్మ వచ్చింది.

ఆమెది కోటగిరి వైపు పల్లె. నిజాంసాగర్ కాలువ కింద పొలం. మామ పోయి చాలా కాలమైంది. అయినా నారు పోయడం నుంచి కుప్ప నూర్చే దాకా అన్నీ తానే చూసుకుంది. తడి గట్టు మీద కాలు జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టర్, కొన్నాళ్లు ఒంటరిగా ఉండొద్దు, పొలం మాటే ఎత్తొద్దు అన్నాడు. పొలం కౌలుకిచ్చి ఆమెను మా దగ్గరికి తెచ్చుకున్నాం. మా మెట్లు ఎక్కించేసరికి మా ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఎక్కిన మనిషి మళ్లీ దిగే పరిస్థితి లేదు. ఆమెకు లోకమంటే ఇక ఆ రెండు గదులు, ఈ బాల్కనీ.

వచ్చిన రోజే చెప్పేసింది. "మోకాలు సక్కగైన నాడు నేను నా ఇంటికి పోత. గిట్ల కట్టేసిన బర్రె లెక్క కూసునుడు నాతోని గాదు."

అన్నంత పనీ చేసేలా ఉంది. కంచంలో పెట్టిన అన్నం సగం వదిలేసేది. టీవీ పెడితే చూసేది కాదు. గోడ వైపు తిరిగి పడుకునేది, నిద్రపోయేది కాదు. పొలంలో నలుగురిని హడలగొట్టిన గొంతు, మంచినీళ్లు అడగడానికి కూడా లేచేది కాదు. నాకు నిజంగా భయమేసింది. ఊరికి పంపితే ఒంటరిగా మళ్లీ పొలానికి పోయి ఎక్కడో పడిపోతుంది. ఇక్కడే ఉంచితే ఇలా కూర్చుని కూర్చునే చిక్కిపోతుంది. చిన్నప్పుడే తల్లి పోయిన దాన్ని నేను. పెళ్లై వచ్చినప్పుడు నా నెత్తికి నూనె పెట్టి జడ వేసిన చెయ్యి ఈమెదే. మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక పంచాయితీ ఉంటుంది, అది వేరే సంగతి. ఆమె నా దగ్గర ఉండాలి, అంతే. ఆ ముక్క మా ఆయనతో చెబితే "నాకు మాత్రం ఫికర్ లేదా?" అని తల పట్టుకున్నాడు.

ఆమె నోరు మొదటిసారి గట్టిగా లేచింది నా మొక్కల మీదే. ఒక పొద్దున గోడ పట్టుకుంటూ బాల్కనీ దాకా వచ్చి, తలెత్తి మనీప్లాంట్లను చూసి, "ఏందే పిల్లా, మొక్కలను గిట్ల ఉరేసినవ్?" అంది.

"ఉరేసుడేంది అత్తమ్మా, జాగ లేక పైన కట్టిన."

"భూమి మీద కాలు పెట్టనిది ఏం మొక్కనే?"

నాకు ఒళ్లు మండింది గానీ, మనిషి మాట్లాడిందని సంతోషం కూడా కలిగింది.

వానలు మొదలైన కొత్తలో పిట్లంలో మా చుట్టాలింట్లో పెళ్లి పడింది. మేమిద్దరం పోక తప్పలేదు. కింద ఇంటావిడ, మేము ఖాలా అని పిలుస్తాం, అత్తమ్మకు అన్నం పైకి పంపిస్తానంది. మొక్కలకు పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు పోయమని అత్తమ్మకు చెప్పి పోయాను. పెళ్లిలో కూడా నా ప్రాణం మిరప మొక్కల మీదే ఉంది. అప్పుడే పూత మీదికి వచ్చాయవి.

నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చి బాల్కనీ తలుపు తీస్తే ముక్కు పగిలింది. కుళ్లు కంపు. డబ్బాలన్నీ అంచుల దాకా నీళ్లతో నిండుగా ఉన్నాయి. మిరప పూత రాలి నీళ్ల మీద తేలుతోంది. టమాటా మొక్కలు తల వేలాడేశాయి. పుదీనా పసుపెక్కిపోయింది. ఒక డబ్బా వంచి చూశాను. అడుగున నేను పెట్టిన బొక్కలకు గుడ్డ పేలికలు కుక్కి, పైన మట్టి మెత్తి ఉంది. ఇంకోటి చూశాను, అదీ అంతే. చేయి అందినంత వరకు ఒక్కదాన్నీ వదల్లేదు మహాతల్లి. పైన వేలాడుతున్నవే బతికి బయటపడ్డాయి.

"అత్తమ్మా! ఏందిది?"

ఆమె మంచం మీద కూర్చుని దర్జాగా చెప్పింది. "నీళ్లు పోస్తుంటే కిందికెల్లి అన్నీ కారిపోతున్నయ్. ఎండ్రికాయలు పొక్కలు పెట్టిన ఒడ్డు లెక్క ఉన్నయ్ నీ డబ్బాలు. అన్నీ మూసిన. కింద ఆమె దుప్పట్లు తడుస్తున్నయని మొత్తుకునుడు గూడ బందైంది."

వరి పొలంలో గట్టుకు బొక్క పడి నీళ్లు పోతుంటే చూస్తూ ఊరుకున్న మనిషిని ఊరంతా వేలెత్తి చూపిస్తుంది. పొద్దున లేస్తూనే ఆ బొక్కలు వెతికి బురద మెత్తడమే ఆమె జన్మంతా చేసిన పని. అది నాకు తెలియక కాదు. తెలిసినా, ఆ రాలిన పూత చూస్తుంటే నా నోరు ఊరుకుంటుందా!

"మొక్కలను బతకనిస్తవా లేదా? నీళ్లు నిలిస్తే చస్తయని తెల్వదా?"

"నీళ్లు నిల్వని మడి ఏం మడే?"

"ఇది మడి గాదు, మిరపచెట్టు! అంతగనం నీళ్లు నిలవెట్టాలని ఉంటే వరి పెట్టుకోరాదు!"

కోపంలో అన్నాను. అని, కుళ్లిన మట్టిని గోనెసంచిలో ఎత్తిపోస్తూ గొణుగుతూనే ఉన్నాను. ఆమె మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటుందని అనుకున్నాను.

పొద్దున మా ఆయన షెడ్డుకు బయల్దేరుతుంటే అత్తమ్మ గొంతు వినిపించింది. ఆ గొంతు విని నేను మిషన్ ఆపేశాను. పొలంలో కూలీలను పిలిచే గొంతు అది.

"ఒరేయ్, నాకు గుప్పెడు వడ్లు తే. మొలకొచ్చే వడ్లు. ఇగ కాలువ పొంటి రేగడి మట్టి ఒక సంచెడు. బొక్క లేని టబ్బు."

"ఎందుకమ్మా?"

"నీ పెండ్లామే చెప్పింది, వరి పెట్టుకొమ్మని."

మా ఆయన నా వైపు చూశాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాను.

రుద్రూర్ నుంచి షెడ్డుకు వచ్చే దోస్తును అడిగి విత్తనం తెచ్చాడు. బండి మీద మట్టి సంచి, సిమెంట్ కలిపే పెద్ద నల్ల టబ్బు తెచ్చాడు. అత్తమ్మ వడ్లు నానబోసి, తడిగుడ్డలో మూట కట్టి, మొలక రాగానే నా పాత స్టీలు పళ్లెంలో బురద పోసి నారు పోసింది. పళ్లెంలో నారుమడి! నేను నవ్వాపుకోలేకపోయాను. "నవ్వు నవ్వు, పండ్లు రాల్తయ్" అని తనూ నవ్వింది. ఆమె నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

టబ్బులో మట్టి, నీళ్లు పోసి, స్టూలు మీద కూర్చుని మోచేతుల దాకా బురదలో పెట్టి పిసికింది. పొలాన్ని నాట్లకు బురద చేయడాన్ని వాళ్లు కరిగెట అంటారు. ఎద్దులు, ట్రాక్టర్లు చేసే కరిగెటను మా అత్తమ్మ రెండు చేతులతో చేసింది. గోడ మీద, గ్రిల్ మీద, నేను కుట్టి ఆరేసిన లంగా మీద కూడా బురదే. అరిచాను. అరిస్తే ఏం, ఆ రోజు రాత్రి ఆమె కంచంలో మెతుకు మిగల్లేదు. రెండోసారి కూర అడిగి వేయించుకుంది. నాకు ఇంకేం కావాలి?

నారు పీకి, వంగలేని మోకాలితో వంగకుండానే నాటు వేసింది. టబ్బు చాలక రెండు రంగు డబ్బాలు కూడా లాక్కుంది. వాటికి నేను బొక్కలు పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

ఇక గొడవ కింది నుంచి వచ్చింది. ఖాలా ఆయాసపడుతూ పైకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అరే, గీ పానీ నిల్వబెట్టినవేంది అక్కా? దోమలొస్తయ్. మా పోతాకు బుఖార్ వస్తే ఎవ్వరిది జిమ్మా?"

మనవడికి జ్వరమొస్తే బాధ్యత ఎవరిదన్న ఆమె మాటలో న్యాయం ఉంది. ఇంతటితో అత్తమ్మ సేద్యం మట్టి కొట్టుకుపోయిందే అనుకున్నాను. అత్తమ్మ మాత్రం కొంచెం కూడా బెదరలేదు. "నీళ్లు పెట్టుడు ఎర్కనే, తీసుడు ఎర్కనే. దోమ పిల్లలు పెట్టకముందే తీసేసి ఆరబెడ్త. నువ్వే వచ్చి సూడు" అంది. ఖాలా నిజంగానే చూడటానికి వచ్చింది. తీసేసిన నీళ్లు చెంబుతో వేలాడే కుండీలకు పోస్తుంటే, మళ్లీ నీళ్లు కారి ఆమె దుప్పట్ల మీద పడ్డాయి. అది చూసి అత్తమ్మ కొడుకుతో యూరియా సంచులు తెప్పించి, వాటి తాళ్లు విప్పి ఉట్లు అల్లింది. పాలకుండలు వేలాడదీయడానికి పల్లెల్లో అల్లుతారే, అలాంటివే. ఉట్టిలో ముందు ఒక ప్లాస్టిక్ గిన్నె, ఆ గిన్నెలో కుండీ. కారిన నీళ్లు గిన్నెలోనే ఆగుతాయి. నా బొక్కలు నాకున్నాయి, ఖాలా దుప్పట్లు పొడిగా ఉన్నాయి. ఖాలా తనకూ రెండు ఉట్లు కావాలంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం చాయ్ గ్లాసు పట్టుకుని పైకి రావడం ఆమెకు అలవాటైపోయింది. ఇద్దరూ కూర్చుంటే నా మిషన్ చప్పుడు వాళ్లకు అడ్డం!

వరి ఏపుగా పెరిగింది. పొట్టకొచ్చింది, కంకి బయటపడింది. అత్తమ్మ గోడ పట్టుకోకుండా నడవడం మొదలుపెట్టింది. డాక్టర్ చూసి, ఇక ఎక్కడైనా ఉండొచ్చు అన్నాడు. మా ఆయన ఊళ్లో ఇంటికి సున్నం వేయించి వచ్చాడు. మోకాలు నయమైతే పంపిస్తానని ఆమెకు చెప్పాడు, మాట తప్పే మనిషి కాదు కదా ఆమె కొడుకు. ఆటో మాట్లాడాడు. నేను ఆమె చీరలు సంచిలో సర్దుతూ, కారం ఎక్కువైనట్టు ముక్కు తుడుచుకుంటూ ఉన్నాను.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. అత్తమ్మ తయారై బాల్కనీలోకి వెళ్లి, ఒక గింజను గోటితో నొక్కింది. తెల్లటి పాలు వచ్చాయి. అక్కడి నుంచే కిందికి వంగి ఆటో అతనికి కేక వేసింది.

"వరి పాలు పోసుకుంటుంది కొడుకా. ఇప్పుడు నీళ్లు తప్పితే అంతా తాలే. కోతలైనంక రా!"

ఆటో వెళ్లిపోయింది. బతికాను అనుకున్నాను. కానీ అది కోతల దాకానే కదా.

పంట పండాలని ఎదురుచూసే వాళ్లను చూశాను గానీ, పండొద్దని మొక్కుకున్న మనిషిని నన్నే చూడాలి. కంకులు వంగి పసుపెక్కుతుంటే నాకు అన్నం సయించేది కాదు. ఆమె మాత్రం స్టీలు గ్లాసు మీద చెంచాతో టంగు టంగున కొడుతూ పిచ్చుకలను తోలడంలో మునిగిపోయింది.

ఒక పొద్దున నా చేతిలోని కత్తెర అడిగింది. బట్టలు కోసే కత్తెర అది. దాంతో కాగితం కోస్తేనే ఇల్లు పీకి పందిరి వేస్తాను నేను. నోరెత్తకుండా ఇచ్చాను. ఆమె పంట మొత్తం కోసింది. కొన్ని కంకులు కుచ్చుగా కట్టి, మనీప్లాంట్ పక్కన కొక్కానికి పిచ్చుకల కోసం వేలాడదీసింది. మిగిలినవి చేత్తో నలిపితే ఒక గిన్నెడు వడ్లయ్యాయి. ఖాలా చూసి మాషా అల్లా అంది.

సాయంత్రం మా ఆయన అడిగాడు. "అమ్మా, ఆటోకు ఎప్పుడు చెప్పాలె?"

నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను, గుడ్డ లేకుండానే.

అత్తమ్మ తలెత్తలేదు. గిన్నెలోంచి నిండు గింజలు ఏరి, వేరే గుడ్డలో వేస్తోంది.

"ఏం ఆటోరా? వానకాలం పంట అయిపాయె, ఇగ యాసంగి నారు ఎవడు పోస్తడు, నీ అయ్యనా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేందే గట్ల సూస్తున్నవ్? ఆ కరివేపాకు కుండీ జర పక్కకు తియ్. ఈసారి నాకు ఇంకో మడి గావాలె."

నా కుండీని ఎవరైనా వేలితో ముట్టుకుంటేనే ఊరుకోని దాన్ని. ఆ బరువంతా ఒక్కదాన్నే ఎత్తి, ఇంట్లోకి మోసుకొచ్చి, మిషన్ పక్కన దించాను. దించి అక్కడే కూర్చుని ఏడ్చాను. "కుండీకే ఏడుస్తున్నదిరా నీ పెండ్లాం" అని ఆమె బాల్కనీలోంచి కొడుకుతో చెబుతోంది.